నీలి బాన కోసం చెప్పిన అబద్ధం

మా మామ మగ్గం మీద ఒట్టు, మా అమ్మ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం.

నన్ను ఎరిగినవాళ్లు ఈ మాటకు నవ్వుతారు. పానగల్లు గుడిలోని రాతి ఏనుగు నా చేతిలో చెరుకుముక్క తిన్నదని పదిమందిని నమ్మించినవాణ్ణి. నవ్వనివ్వండి. పదిహేనేండ్లుగా నేను ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చెప్పిన రోజున అది దూదిపింజంత తేలిక. ఇప్పుడు తడిసిన నూలు మూట. దించుకునే చోటు లేక మీ దగ్గరికి వచ్చాను.

మల్లేశం సేటు పేరు మీరు వినే ఉంటారు. నల్గొండలో, సూర్యాపేటలో, పాలమూరులో ఆయనకు బట్టల దుకాణాలు. ఒకప్పుడు భుజాన చీరల మూటతో కాలినడకన ఊళ్లు తిరిగినవాడు. జిల్లాలో మొట్టమొదట దుకాణం ముందు అద్దాల వెనుక నిలువెత్తు ఆడబొమ్మను నిలబెట్టి చీర కట్టించింది ఆయనే. దాని మీద ఎంత రభస! బొమ్మకు చీర చుట్టేది మగవాళ్లా అని పెద్దమనుషులు పంచాయితీ పెట్టారు. చుట్టేది సేటు భార్య అనసూయమ్మ. రోజూ పొద్దున్నే వచ్చి, కుచ్చిళ్లు సర్ది, బొమ్మ నుదుట బొట్టు పెట్టి పోయేది. వారం తిరగకముందే ఆ పెద్దమనుషుల ఇండ్ల ఆడవాళ్లే ఆ చీరే కావాలని వచ్చారు. బొమ్మకు ఆమె ఏది కడితే జిల్లాకు అదే ఫ్యాషన్. సేటుకు అక్షరం ముక్క రాదు. పత్రిక చదివి వినిపించేది కూడా ఆమే.

మాది పోచంపల్లి. నూలుకు ముందే ముళ్లు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేసే చిటికి పని మాది. నన్ను పెంచిన మేనమామ ఇంటి వెనుక నీలి బాన ఉండేది. సున్నం, తగిరిస గింజలు వేసి పులియబెట్టిన నీలిమందు. పసిబిడ్డలాంటిది అది. జర ఎండ ఎక్కువైనా, చలి ఎక్కువైనా అలుగుతుంది. అలిగితే నూలుకు రంగు పట్టదు.

బాన చెడితే మావాళ్ల దగ్గర ఒక మందుంది. ఊళ్లో ఒక పచ్చి అబద్ధం పుట్టించాలి. జనం ఎంత నమ్మితే బాన అంత తొందరగా కుదురుకుంటుంది. దీనికి రెండు కట్టుబాట్లు. అబద్ధం ఎవరికీ తగలకూడదు. బాన కుదురుకోగానే చెప్పినవాడే పోయి, అది అబద్ధమని ఒప్పుకుని, అందరితో కలిసి నవ్వి రావాలి.

పదిహేనేండ్ల కిందటి ఎండలకు మామ బాన చెడింది. సేటుకు ఇయ్యాల్సిన చీరల నూలు ఇంకా తెల్లగానే ఉంది. మామ నన్ను పిలిచాడు.

"అల్లుడా, నీ నోరు గిన్నొద్దులకు అక్కరకొచ్చింది. పోయి ఒకటి అల్లు. ఎవ్వల ఉసురూ తగల్నీయకు."

ఏనుగు కథ లాంటిదే ఇంకొకటి చెబితే సరిపోయేది. నల్గొండ బస్సు ఎక్కాను. ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు సేటు దుకాణంలో కొన్న నీలం చీరను ఒళ్లో పరుచుకుని మురుస్తున్నారు. నా నోరు తెరుచుకుంది. శవాల మీద కప్పిన చీరలను సేటు కాటికాపరి దగ్గర కొంటాడని, ఉతికించి, మరకలు కనపడకుండా నీలంలో ముంచి అమ్ముతాడని చెప్పాను.

ఎందుకు చెప్పాను? సేటు నాకు ఏం చేశాడు? ఎప్పుడు కనపడ్డా ఒక కథ చెప్పించుకుని, చాయ తాగించి పంపేవాడు. అసూయా? కాదనలేను. కానీ అంతకంటే చిన్నది ఇంకొకటి ఉంది, చెప్పడానికి సిగ్గుగా ఉంది. నా కథలకు జనం ఎప్పుడూ నవ్వేవాళ్లు. ఒక్కసారైనా నవ్వకుండా వినాలని ఉండేది. ఆ రోజు ఇద్దరూ నవ్వలేదు. చీరను ఒళ్లోంచి తీసి కింద పెట్టారు.

నాలుగో రోజుకు బాన కుదురుకుంది. నూలు పచ్చగా పైకి వచ్చి, గాలి తగలగానే నీలమైంది. మామ నా వీపు తట్టాడు. ఏం చెప్పావని అడగలేదు. అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడానికి మళ్లీ బస్సు ఎక్కాను. అందులో ఎవడో నా కథ నాకే చెప్పాడు. కాటికాపరికి ఒక పేరు కూడా వచ్చి చేరింది. నేను నోరు తెరవాలి కదా? తెరవలేదు. ఎంత బాగా చెబుతున్నాడో అని వింటూ కూర్చున్నాను.

నెలలోపు నల్గొండలో ఒక పేరంటం జరిగింది. మా చిన్నమ్మ అక్కడే ఉంది, ఆమే చెప్పింది. మాట అబద్ధమని చూపడానికి అనసూయమ్మ కావాలనే నీలం చీర కట్టుకుని వచ్చింది. బొట్టు పెడుతున్న చెయ్యి ఆమె దాకా వచ్చి, ఆగి, పక్కామెకు పోయింది. అనసూయమ్మ కుంకుమ భరిణె అందుకుని, తన బొట్టు తానే పెట్టుకుని, లేచి వెళ్లిపోయింది. మరునాటి నుంచి బొమ్మకు చీర కట్టడానికి రాలేదు.

సేటు తన దుకాణాలన్నింటిలో నీలం తీసేయించాడు. మిగతా రంగులతో ఇంకా గొప్పవాడయ్యాడు. నీలం అడిగేవాళ్లు లేక మా మామ బాన ఎండిపోయింది. దేన్ని బతికించడానికి అబద్ధం ఆడానో అదే ముందు పోయింది.

కిందటేడు అనసూయమ్మ చనిపోయింది. దినాలు అయ్యాక సేటు ఇంటికి పోయాను. ఆయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కాళ్ల దగ్గర కూలబడి, ఆ మాట పుట్టించింది నేనేనని చెప్పాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నాకెప్పుడో ఎర్కేరా. గంత పెద్ద అబద్ధం నువ్వు గాక ఇంకెవడల్లుతడు? లే, చాయ తాగు."

ఇద్దరం చాయ తాగాం.

ఇక్కడ ఆపాలనుకున్నాను. చేతకావడం లేదు. మొదట్లో వేసిన ఒట్టును మామ మగ్గం మోయలేదు.

ఆ చివరి ముక్క నేను అల్లింది. ఇంటికి పోయింది నిజం. చాయ తాగింది నిజం. నేను ఏమీ చెప్పలేదు. సేటే పెట్టె తెరిచి ఒక నీలం చీర తీసి చూపించాడు.

"తను పోయినంక గిదే కట్టమన్నది. నాకు చేతులు రాలే. నువ్వు ఊరూరు తిరుగుతవు గద, గా మాట ముందుగాల ఎవ్వల నోట పుట్టిందో ఎర్కనా?"

"తెల్వదు సేటూ," అన్నాను.

ఆయన తల ఊపి, చీరను మడత మీద మడతగా పెట్టెలో పెట్టాడు.

ఆయనకు చదవడం రాదు. చదివి వినిపించే మనిషి లేదు. మీలో ఎవరైనా నల్గొండ పోతే ఇది ఆయనకు చదివి వినిపించండి. నా భుజం మీద చెయ్యి వేసిన ముక్క మాత్రం చదవకండి. అది ఆయన అనలేదు. పుట్టింది నా నోటేనని చెప్పండి, చాలు.