పాప ఎటు చూస్తోంది

మూడు నెలల మా పాప తల పుట్టినప్పటి నుంచి కుడివైపే తిరిగి ఉంటుంది. మెడ కండరం బిగుసుకుందని, ఇప్పుడు సాగదీయకపోతే అలాగే వంకరగా నిలిచిపోతుందని రాయపూర్ రైల్వే డాక్టరు చెప్పారు. పాలు పట్టే ముందు భుజం కదలకుండా పట్టుకొని, గడ్డాన్ని మెల్లగా ఎడమకు తిప్పి, పది లెక్కపెట్టమన్నారు. నెల రోజులుగా చేస్తున్నాను. తల సగం తిరిగేసరికి ఏడుస్తుంది.

ఊయలకు కుడివైపు నా భార్య మంచం ఉంది. పురుడైన పదకొండో రోజున ఆమె పోయింది. మంచం తీయలేదు.

ఈ సాయంత్రం పాప ఏడుపు విని మా అత్తగారు వంటింట్లోంచి వచ్చారు.

"దాని గర్దన్‌కి, మెడకి ఏటీ అవలేదు బాబూ. అమ్మని సూస్తంది. మా అమ్మాయినే ఇటు ఎడంపక్కకి రమ్మనండి."

"అలాంటివి నేను నమ్మను అత్తయ్యా."

"మీ బీయే సదువు బీరువాలో ఎట్టండి. నాను పిలిస్తే రాదు. మీరు పిలిస్తే వస్తాది."

ఆవిడ మాట తీసేయలేక, పాప మీది నుంచి చేయి తీసి, మంచం వైపు చూసి "ఇటు రా" అన్నాను. ఆమె పోయాక ఆమెతో మాట్లాడటం అదే మొదటిసారి.

పాప ఏడుపు ఆపింది. నడిచి వెళ్లే మనిషిని చూస్తున్నట్టు, తల మెల్లగా ఎడమకు పూర్తిగా తిప్పింది. అటు గోడ తప్ప ఏమీ లేదు. గోడను చూసి నవ్వింది. అలవాటుగా పది లెక్కపెట్టాను. తల అలాగే ఉంది.

డాక్టరు చెప్పినది రేపూ చేస్తాను. మంచం మాత్రం ఇంకా కుడివైపే ఉంది. మీరైతే దాన్ని ఎటు వేస్తారు?