ఊత కర్ర

ఆ ఆదివారం నా గ్లౌజులకు అంటిన నలుపు చైను గ్రీజు కాదని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఆవర్‌పూర్ రోడ్డు మీద మా సైకిల్ క్లబ్బు వాళ్లు ముందుకు వెళ్లిపోయారు. వెనకబడిన నన్ను బైకు మీద వచ్చిన ఒకడు ఆపి చెయ్యి మెలిపెట్టాడు.

"ఒక్కదానివే ఏడికి? దిగు."



పక్కనే ఒకామె బొగ్గు బస్తాల సైకిలుకు కర్ర ఊతమిచ్చి అలుపు తీర్చుకుంటోంది. ఆ కర్రే లాగి వాడి మోచేతి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. వాడు కిందపడ్డా ఆపకుండా మొహం మీద కొట్టింది. ఊత పోయిన ఆమె సైకిలు ఒరిగి, బస్తాలు చిరిగి, బొగ్గు రోడ్డంతా పరుచుకుంది. వాడు నెత్తురు కక్కుతూ, బైకు వదిలేసి చేలకు అడ్డంపడి పారిపోయాడు.

నేను గ్లౌజులతోనే బొగ్గు ఏరసాగాను. ఆమె కర్రను కొంగుతో తుడుచుకుంటూ అంది.

"అది నేనేరుకుంట బిడ్డా. నువ్వు పో. మీవోళ్లను కలిసేదాక ఎన్కకు చూడకు. నేనీడ్నే నిలవడి చూస్తుంట."