అయస్కాంతం తాళం

స్లివెన్ ఊళ్ళో సగం వాకిళ్ళకి తాళాలు పెట్టింది ఓగ్న్యానే. అలాంటివాడికి, తాను ఉండే అపార్టుమెంటు వాకిలికి ఏ తాళం పెట్టాలో తేలక నిద్ర కరువైంది.

కరెంటు తాళాల్లో రెండు రకాలు చూశాడు. గడియ తాళమైతే కరెంటు పోయినా బయటివాళ్ళని రానివ్వదు. లోపలివాళ్ళు మాత్రం పిడి తిప్పి ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చు. అయస్కాంతం తాళమైతే లోపలివాళ్ళు కూడా గోడమీది బటన్ నొక్కాల్సిందే. కరెంటు ఆగిందా, తలుపుని వదిలేస్తుంది.

"దొంగలు కరెంటు తీసేసి దర్జాగా వస్తారు. గడియే పెట్టవయ్యా," అంది పై అంతస్తు పెన్క.

"అగ్గి పుడితే తలుపు దానంతటదే తెరుచుకోవాలి కదా వదినా," అన్నాడు ఓగ్న్యాన్.

"అగ్గీ లేదు, పాడూ లేదు. రుసాన్క కోసమని చెప్తే మేం కాదంటామా? నీ అయస్కాంతమే పెట్టుకో."

అతని భార్య రుసాన్కకి మతిమరుపు జబ్బు. ఎప్పుడో మూతబడ్డ నూలుమిల్లుకి పనికి పోవాలని పొద్దున్నే తలగుడ్డ కట్టుకుని బయల్దేరేది. పిడి తిప్పడం ఆమెకి గుర్తే, బటన్ సంగతే తెలియదు. కొత్త తాళం పెట్టాక, తలుపు కదలకపోతే విసుక్కుంటూ వెనక్కి వచ్చేది. ఓగ్న్యాన్ ఊపిరి పీల్చుకున్నాడు.

చలికాలంలో పెన్క మొగుడు స్తామెన్ పోయాడు. శవం ఇంట్లో ఉండగా, పూలు పట్టుకొచ్చిన మనిషిని గంట కొట్టించి వాకిట్లో నిలబెట్టడం అక్కడ తలవంపులు.

"ఆ తాళం ఈ ఒక్కపూట ఆపెయ్యి అన్నా," అని పెన్క ఏడిస్తే కాదని ఎలా అంటాడు? ఆపేసి, తానే గుమ్మంలో కాపలా నిలబడ్డాడు. అంతలో పైనుంచి కేక. లిఫ్టులో శవపేటిక పట్టదు, మెట్లమీదుగా దించడానికి ఒక భుజం తక్కువైంది. శవం మోయడానికి రానన్నవాణ్ణి ఊళ్ళో ఎవరూ మనిషిగా చూడరు. వెళ్ళాడు.

రుసాన్క నల్ల తలగుడ్డతో, ఎవరో చేతిలో పెట్టిన రెండు పూలతో జనంలోంచి బయటికి నడిచింది. అందరూ చూశారు. చావుకి వచ్చిన మనిషే కదా అనుకుని దారిచ్చారు. ఎవరిని తిట్టాలి? సాయంత్రానికి మిల్లు గేటు ముందు మంచులో దొరికింది. అప్పటికే ప్రాణం లేదు.

మర్నాడు పెన్క కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "నీ ఇంటికీ జనం వస్తారు. తాళం ఆపించనా అన్నా?"

"వద్దు వదినా."

గంట మోగిన ప్రతిసారీ ఓగ్న్యాన్ మెట్లు దిగి వచ్చి తెరిచాడు. వచ్చినవాళ్ళ వెనకాల తలుపు అతుక్కునేదాకా అక్కడే నిలబడ్డాడు. చూడలేకపోయింది పెన్క.

"ఇంట్లోంచే బటన్ నొక్కి తెరవొచ్చుగా, ఎందుకీ అవస్థ?"

"పైనుంచి తెరిస్తే, బయటికి ఎవరు వెళ్ళిపోతున్నారో ఎలా చూసుకోను వదినా?" అన్నాడు.