సంతకం మాత్రం వేరొకరిది

గది వెచ్చబెట్టే రేడియేటర్ మీద ఆరుతున్న తడి ఉన్ని సాక్సుల వాసన ఎక్కడ తగిలినా, లండన్ శివారు హౌన్స్‌లోలోని మా పై అంతస్తు ఫ్లాట్‌లో, ఆవిరి పట్టిన కిటికీ మీద వేలితో గీతలు గీస్తూ నాయన కోసం ఎదురుచూసిన ఎనిమిదేళ్ళ పిల్లనైపోతాను. నాయన అనంతపురం జిల్లాలో పదహారేళ్ళు కాలువగట్లూ పొలాలూ కొలిచిన సర్వేయరు. తొంభైల చివర్లో వర్క్ పర్మిట్ మీద ఇక్కడి ఒక చిన్న సర్వే కంపెనీలో చేరాడు.

పరీక్ష పాసై గుర్తింపు పొందిన చార్టర్డ్ సర్వేయర్ సంతకం లేనిదే ఆ కంపెనీ నుంచి పటం బయటికి పోయేది కాదు. ఆ అర్హత లేనివాళ్ళకు ఒక మినహాయింపు ఉండేది: అర్హత ఉన్నవాళ్ళ కింద పనిచేసుకోవచ్చు. మొదట్లో అదే మాకు వరమనిపించి, అమ్మ ఓళిగలు చేసి కింది ఫ్లాట్ ఆంటీకి కూడా ఇచ్చింది. వానలో, బురదలో నిలబడి కొలిచేదీ, ఆదివారాలు వంటింటి బల్ల మీద పటం గీసేదీ నాయనే. రబ్బరు పొట్టు ఊదేది నేను. సంతకం మాత్రం యజమానిది.

అనుభవజ్ఞులకు ఆ అర్హత కోసం రాసే పరీక్ష నుంచి కూడా మినహాయింపు దొరికేది, కాకపోతే వాళ్ళు చేసిన పనేమిటో యజమాని లేఖ రాసివ్వాలి. "ఈ సైటు అయిపోనీ" అని ఆయన వసంతంలో డాఫొడిల్స్ పూసినప్పుడు అన్నాడు, ఆకులు రాలినప్పుడు అన్నాడు, మళ్ళీ పూసినప్పుడూ అన్నాడు. మూడేళ్ళు గడిచాయి.

నాకు పదకొండేళ్ళప్పుడు, వినాయక చవితి నాడు, ఇల్లంతా ఉండ్రాళ్ళ ఆవిరి కమ్ముకుని ఉండగా ఆ లేఖ వచ్చింది. నాయన చదివి బల్ల మీద పెట్టాడు. నేనూ చదివాను. పరికరాలు మోయడంలో, టేపు కొస పట్టుకోవడంలో ఈయన బాగా సాయపడతాడని రాసి ఉంది.

"నాయనా, దట్స్ నాట్ ట్రూ!"

"ఊరకుండు మ్మే," అన్నాడు.

సోమవారం ఆఫీసుకు పోయి, చేసిన పని ఉన్నదున్నట్టు రాయమని అడిగాడట. పర్మిట్ పొడిగించే గడువు దగ్గరపడుతోంది కదా అని యజమాని నవ్వుతూ గుర్తుచేశాడట.

"ఇంగో కంపెనీకి పోగూడదా?" అంది అమ్మ.

"యాడికి పోతాం? పర్మిట్ ఆయప్ప చేతిలో ఉండాది. ఆడ మానుకుంటే ఈ దేశమే ఇడ్సాల."

అంతకుముందు తమ్ముడూ నేనూ పాత టేపుతో నడవా కొలుస్తుంటే "ఎంతొచ్చింది?" అని పరుగున వచ్చి సరిచూసే మనిషి, ఆ తర్వాత మమ్మల్ని దాటుకుని లోపలికి వెళ్ళిపోయేవాడు. పొద్దున్నే బూట్లు తొడుక్కుని, తలుపు దగ్గర కాసేపు ఊరికే నిలబడి, వెళ్ళేవాడు. అలా ఇంకో రెండేళ్ళు.

పాస్‌పోర్టులో, ఇక పర్మిట్ అక్కర్లేని స్థిరనివాసం ముద్ర పడిన వారమే రాజీనామా చేశాడు. ఇక ఏ మినహాయింపూ అడగలేదు. తన వయసులో సగం ఉన్న పిల్లల మధ్య కూర్చుని పరీక్ష రాశాడు; ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కాడు. అప్పటికే మోకాళ్ళు అరిగిపోయి సైటుకు పోలేకపోయాడు. కొత్త కంపెనీలో ఇతరులు కొలిచినవి సరిచూసి సంతకం పెట్టేవాడు. పక్కన కొలిచినవాడి పేరు రాయనిదే పెట్టేవాడు కాదు.

చేత్తో పటాలు గీసేవాళ్ళు ఇప్పుడు లేరు. నేను పనిచేసే స్థానిక కౌన్సిల్ ఆఫీసులో పాతవన్నీ స్కాన్ చేసి, కాగితాలు పారేస్తున్నారు. పోయిన నెల, ఒక బడి ప్రహరీగోడ కోసం గీసిన పటం నా బల్ల మీదికి వచ్చింది. తోక చాపి రాసిన ఆ తొమ్మిదులు నాయన చేతిరాతే. కింద యజమాని సంతకం. ఫొటో తీసి నాయనకు పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

"ఆ గోడకాడ శానా బురద మ్మే," అన్నాడు. ఆపైన అడిగాడు, "గోడ నిలబడిందా?"