కారు షెడ్డుకి నేను చేసిన మేలు

ఇల్లు అమ్మే ముందు కాస్త బాగుచేయిస్తే మంచి ధర పలుకుతుందని ఎవరైనా మీతో అంటే, ఆ మనిషిని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఇది చదివి వినిపించండి. అప్పటికీ వినకపోతే నా దగ్గరికి పంపండి, నేను చూసుకుంటాను. ఐదేళ్ళయినా నా కోపం చల్లారలేదు. ఎవరి మీద కోపమంటారా? నా మీదే. ఇంకెవరి మీదైనా పెట్టుకుందామని చాలా ప్రయత్నించాను. తగిన మనిషి దొరకలేదు.

అప్పట్లో మాకు ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో చిన్న ఇల్లుండేది. నాది నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆఫీసు క్యాబ్ గుమ్మంలోకి వచ్చేది. మా ఆవిడ పద్మ నోయిడాకి ఆ చివర ఒక స్కూల్లో లెక్కల టీచర్. ఆవిడకి క్యాబ్ లేదు, కారు నడపడం రాదు. ఒక ఆటో, ఒక మెట్రో, మళ్ళీ ఒక ఆటో. ఈ ఇల్లు అమ్మేసి స్కూలు దగ్గర ఫ్లాట్ కొనుక్కుందామని మూడేళ్ళుగా అడుగుతోంది. మూడేళ్ళకి నాకు వినబడింది.

ఇల్లు ఎలా ఉండేదో చెబుతాను. గేటు దాటగానే కుడి పక్క ఐదు మెట్లు, పైన వీధి తలుపు. ఎడమ పక్క కారు షెడ్డు. పైన రేకులు, ముందు ఖాళీ. షెడ్డు నేల వాలుగా లేచి నేరుగా హాలు పక్క తలుపు దగ్గర ఆగుతుంది. అటు నుంచి వస్తే ఒక్క మెట్టు కూడా లేదు. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. పదకొండేళ్ళు ఆ ఇంట్లో ఉండి నేను గుర్తుపెట్టుకోలేదు.

మొదట వచ్చినాయన ఒక రిటైరైన సుబేదార్ గారు. శ్రీకాకుళం వైపు మనిషి, చివరి పోస్టింగ్ ఢిల్లీ కంటోన్మెంట్‌లో. ఇక్కడే ఉండిపోదామనుకుంటున్నామని చెప్పారు. ఇల్లంతా పది నిమిషాల్లో చూసేశారు. షెడ్డు దగ్గర మాత్రం అరగంట ఉన్నారు. మా కారు బయటికి తీయించి, తన కారు లోపలికి తెచ్చి, దిగి, అవతలి పక్క డోర్ పూర్తిగా తీసి, ఆ వాలు మీద హాలు దాకా నడిచి, వెనక్కి వచ్చి, మళ్ళీ నడిచారు.

"షెడ్డు బావుందండి," అన్నారు.

"మరి ఇల్లో?"

"ఇల్లూ బావుంది. షెడ్డు మాత్రం శానా బావుంది. మా ఇంటిదాన్ని తీసుకొచ్చి సూపిస్తాను. ఊర్లో ఉందిప్పుడు, నెలన్నర పడతాది. ఆవిడ ఊఁ అంటే ఖాయం. అందాకా ఎవరికీ ఇవ్వకండి బాబూ."

చూశారా, ఎంత సులువుగా అయిపోవలసిన పని! నేను చెయ్యవలసిందల్లా నెలన్నర పాటు ఏమీ చెయ్యకుండా ఉండటం. సోఫాలో పడుకుని టీవీ చూసినా సరిపోయేది. కానీ నాలో ఒక మేధావి ఉన్నాడు. వాడు ఆ రోజే నిద్ర లేచాడు.

"ఈయనకి షెడ్డంటే ప్రాణంలా ఉంది," అన్నాను పద్మతో. "రేకుల షెడ్డుకే ఇలా మురిసిపోతున్నాడు. దాన్నే బాగుచేయిస్తే ఏమవుతాడు?"

"ఏమీ చెయ్యకండి. నచ్చిందన్నారుగా."

"నచ్చడం వేరు, కళ్ళు చెదరడం వేరు. ఫోన్లో వీడియోలు పెట్టే ఒకాయన చెబుతున్నాడు, వాడకంలో లేని జాగాని ఆఫీసు గదిగా మారిస్తే ఇంటి విలువ పెరుగుతుందట."

"వాడకంలో లేకపోవడమేంటి? అందులో కారుంది!"

"కారు రోడ్డు మీద కూడా ఉంటుంది పద్మా."

"ఆయన ఆ వాలు మీద రెండుసార్లు ఎందుకు నడిచారో అడగండి. ఫోన్ చేసి ఒక్క మాట అడగండి."

"అడిగేస్తే ఇంక సర్‌ప్రైజ్ ఏముంటుంది?"

ఈ వాక్యం దగ్గర ఆగి నన్ను నాలుగు తిట్టుకోండి. నేను రోజూ తిట్టుకుంటాను.

మేస్త్రి వచ్చాడు. షెడ్డు ముందు గోడ లేచింది, దానికి అద్దం తలుపు. వాలుగా ఉన్న నేలని చదును చేసి, రెండడుగులు ఎత్తు లేపి, చెక్కలా కనబడే టైల్స్ పరిచాం. ముందు మూడు మెట్లు. ఫాల్స్ సీలింగ్, ఏసీ, రిమోట్ నొక్కితే రంగులు మారే లైట్లు. ఇక హాల్లోకి వెళ్ళే తలుపు. "సాబ్, దీన్నేం చెయ్యమంటారు?" అన్నాడు మేస్త్రి. "మూసెయ్. ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి కుక్కర్ విజిల్ వినబడకూడదు," అన్నాను. ఆ తలుపు ఉన్న చోట గోడ వచ్చింది, గోడ మీద పుస్తకాల అరలు వచ్చాయి. అంత మూర్ఖత్వాన్ని మొత్తం ఒక్క వాక్యంలో ఆర్డర్ ఇచ్చిన మగాడు ఢిల్లీ చుట్టుపక్కల ఇంకొకడుంటే నాకు పరిచయం చెయ్యండి.

తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి స్నేహ స్కూలు నుంచి వచ్చి చూసి, "పాపా, యే తో మొబైల్ కీ దుకాన్ లగ్ రహీ హై," అంది. సెల్‌ఫోన్ల కొట్టులా ఉందట. చిన్నపిల్ల, దానికేం తెలుసనుకున్నాను.

ఈలోగా మా కారు రోడ్డున పడింది. పదకొండేళ్ళుగా మర్యాదగా నమస్తే చెప్పిన పక్కింటి గుప్తా అంకుల్ మర్నాడే తన గోడ ముందు నాలుగు పూలకుండీలు, ఒక విరిగిన కుర్చీ పెట్టేశాడు.

"అంకుల్, రోడ్డు అందరిదీ కదా?"

"బేటా, షెడ్డు మాత్రం నీ ఒక్కడిదేగా. అందులో పెట్టుకో."

"అది ఇప్పుడు ఆఫీసు అంకుల్."

"అచ్ఛా! అయితే నీ కారుని ఉద్యోగంలో పెట్టుకో," అని కుండీలకి నీళ్ళు పోసుకున్నాడు. ఆ నెలంతా కారు తీసిన ప్రతిసారీ నేను రెండు వీధుల అవతల పెట్టి నడిచాను. బుద్ధున్నవాడికి అక్కడే అర్థమయ్యేది. నాకు మాత్రం కోపం వచ్చింది, అదీ గుప్తా అంకుల్ మీద.

అనుకున్న ఆదివారం సుబేదార్ గారు భార్యని తీసుకుని వచ్చారు. గేటులోకి తిప్పబోయి ఠక్కున బ్రేకు వేశారు. ఎదురుగా అద్దం తలుపు, లోపల ఊదారంగు వెలుగు. కారు సగం గేట్లో, సగం రోడ్డు మీద.

"బాబూ, షెడ్డేదండీ?"

"ఇదేనండీ!" అన్నాను. రిమోట్ నొక్కాను. ఊదారంగు పోయి ఆకుపచ్చ వచ్చింది.

ఆయన దాన్ని చూశారు. నన్ను చూశారు. మళ్ళీ దాన్ని చూశారు. ఇంతలో వెనక రెండు బైకులు, ఒక పాల వ్యాను ఆగిపోయాయి. "అరే భాయ్, గాడీ హటావో!" అని కారు తియ్యమనేవాడు ఒకడు, నిలబడి హారన్ కొట్టేవాడు ఒకడు.

"ఏటండీ ఇది?" అన్నారు సుబేదార్ గారు నెమ్మదిగా. "మా ఆవిడ మెట్లెక్కలేదండి. రెండేళ్ళయింది కుడి కాలూ చెయ్యీ పడిపోయి. ఇక్కడ మిలటరీ ఆసుపత్రిలో వైద్యమని ఇల్లు ఎతుకుతున్నాం. పద్నాలుగు ఇళ్ళు సూశాను. కారు లోపలికొచ్చి, వానకి తడవకుండా దిగి, చక్రాల కుర్చీలో సీదా హాల్లోకి పోయేది ఈ ఒక్క ఇల్లే. అందుకే కదా..." అని ఆగిపోయారు.

కారులోంచి ఆవిడ తల వంచి ఆ గదిని శ్రద్ధగా చూసింది. నీరసంగా ఉన్నా గొంతు మాత్రం స్పష్టంగా ఉంది.

"ఆఫీసు బావుంది నాయినా. మా ఇద్దరికీ ఏదైనా ఉద్యోగం ఇప్పిస్తావా?"

ఆయన నవ్వేశారు. పద్మ నవ్వలేదు. నేను నవ్వబోయి పద్మ మొహం చూసి మానుకున్నాను.

"పది రోజులు టైమివ్వండి, మొత్తం పగలగొట్టించేస్తాను," అన్నాను.

"వొద్దు బాబూ, కొత్తగా కట్టించుకున్నారు. ఈ నెలాఖరికి క్వార్టర్ ఖాళీ చెయ్యాలి, ఆగలేం." ఆయన కారు వెనక్కి తీస్తుంటే హారన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. పద్మ కారు పక్కనే వీధి చివరిదాకా నడిచి, కిటికీలోంచి ఆవిడ చెయ్యి పట్టుకుని ఏదో మాట్లాడి వచ్చింది. నేను రిమోట్ పట్టుకుని ఆకుపచ్చ వెలుగులో నిలబడి ఉన్నాను.

"ఆయన అరగంట నడిచి చూపించారండీ," అంది పద్మ వచ్చి. అరిచినా బాగుండేది. "నోటితో చెప్పలేక కాళ్ళతో చెప్పారు. మీకు ఒక్క ఫోన్ చెయ్యడానికి ఏమైంది?"

ఒకటి చెప్పాలి. మనం మంచి చేస్తున్నామనుకునేటప్పుడు ఎదుటివాణ్ణి అడగాలనిపించదు. అడిగితే వద్దంటాడేమోనని లోపల ఎక్కడో తెలుసు. నాకు ఇష్టమైన పని నేను చేసుకుని, దానికి ఆయన పేరు పెట్టాను.

ఆ తర్వాత వచ్చిన వాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "గాడీ కహాఁ లగేగీ?" కారెక్కడ పెట్టాలి అని. నేను రెండు వీధుల అవతలికి వేలు చూపించేవాణ్ణి. వాళ్ళు ఆ వేలు చూపించిన వైపే వెళ్ళిపోయేవాళ్ళు. ఇంకో సంవత్సరం పద్మ ఆటో, మెట్రో, ఆటో ఎక్కింది. ఆ సంవత్సరమంతా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. చెప్పులు విప్పేటప్పుడు మాత్రం కొంచెం గట్టిగా విసిరేది.

చివరికి ఒక బిల్డర్ వచ్చాడు. ఇంట్లోకి రాలేదు. గేటు దగ్గరే నిలబడి టేపుతో స్థలం వెడల్పు కొలుచుకున్నాడు. నేను ఉండబట్టలేక అద్దం తలుపు తీసి, లైట్లు వేసి, "ఇది హోమ్ ఆఫీస్, పూర్తిగా కొత్తది," అన్నాను. అవును, అప్పటికి కూడా!

"ఏసీ విప్పి తీసుకెళ్ళిపొండి సర్," అన్నాడు. "మేం కొనేది నేలని. మిగతాదంతా జేసీబీ ఒక్క పూటలో తీసేస్తుంది."

"మరి ఇక్కడ ఏం కడతారు?"

"నాలుగు అంతస్తులు. లిఫ్టు ఉంటుంది."

"మరి ఈ కింద, ఆఫీసు ఉన్నచోట?"

వాడు నన్ను అమాయకుణ్ణి చూసినట్టు చూశాడు. "పార్కింగ్ సర్. కింద మొత్తం పార్కింగే. లేకపోతే ఈ ఊళ్ళో ఎవడు కొంటాడు?"

అందుచేత నేను, మా ఆవిడ ఎదుట, పూర్తి స్పృహతో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరైనా నా దగ్గరున్నది ఏదైనా బాగుందంటే, "ఎందుకు బాగుందండీ?" అని నోరు తెరిచి అడగకుండా దాని మీద ఒక్క మేకు కూడా కొట్టను, కొట్టించను, కొట్టించాలనే ఆలోచనని మనసులోకి రానివ్వను.

ప్రమాణం పద్మ శ్రద్ధగా విన్నది. విని, నా ఫోన్ తీసుకుని, మేస్త్రి నంబరు తీసేసింది.