మెట్టు మీద కర్చీఫ్

నేను మేడ్చల్‌ల మిషన్ కుట్టే రోజులు. ఒక ఆదివారం కిటికీలకెళ్లి సీట్ల కర్చీఫ్ ఏసి, తోసుకుంట బస్సెక్కేసరికి, నా సీటు పక్కన ఒక ఆఫ్రికా పిలగాడు నిలవడి ఎవ్వరినీ కూసోనిస్తలేడు. "కర్చీఫ్ ఉంది, కర్చీఫ్ ఉంది," అంటుండు, వచ్చీరాని తెలుగుల. దుండిగల్ దిక్కు కాలేజీల సదువుతుండట. అల్వాల్‌ల ఫుట్‌బాల్ మ్యాచ్ సూడవోతుండు.

"ఆ టీముల నీ దోస్తులున్నరా తమ్మీ?"

"ఎవ్వరు లేరు అక్కా. మా దేశంల ప్రతి ఆదివారం మ్యాచ్ చూస్తా. ఇక్కడ ఎందుకు ఆపాలి?"

అల్వాల్ టీము అంగీల మీద నంబర్లు కుట్టింది నేనే. గ్రౌండుకు ఆడోళ్లు రారని ఒక్క మ్యాచ్ గూడ సూడలే. ఆ మాటే అతనికి చెప్పిన.

నేను గూడ అల్వాల్‌లనే దిగేది ఉండె. దిగి, అతని ఎనక గ్రౌండు దాక పోయిన గని, గేటు కాడ కాలు ముందుకు వడలే. లోపల మెట్ల మీద కూసున్నోళ్లు అందరు మొగోళ్లే. ఆ పిలగాడు వాళ్ల నడుమకు పోయి, తన కర్చీఫ్ మెట్టు మీద పరిచి, నా దిక్కు చెయ్యి ఊపిండు. అంత మందిల ఒక్కలు గూడ దాని మీద కూసోలే.

పోయి కూసున్న. నేను కుట్టిన ఏడో నంబరు గోల్ గొడితే గొంతు పోయేదాక అరిసిన.

అతని పేరు గూడ అడగలే. మరుసటి ఆదివారం ఒక్కదాన్నే పోయిన. నా కర్చీఫ్ నేనే పరుసుకున్న.