నల్లా వచ్చిన రోజు ఆగే ఆట

మా అన్న పక్కన కూర్చునే చోటు నాది. ఇంటికి కంప్యూటరు వచ్చిన కొత్తలో కుర్చీ ఒక్కటే ఉండేది. అన్న కుర్చీలో, నేను వంటింట్లోంచి తెచ్చుకున్న పీట మీద. తుపాకుల ఆటలో మనిషిని నడిపించేది నేను, గురి చూసి కాల్చేది అన్న. కీబోర్డు నా ఒళ్ళో, మౌసు అన్న చేతిలో. ఒక్క మనిషిని ఇద్దరం కలిసి ఆడించేవాళ్ళం. చుట్టాల పిల్లలెవరైనా వచ్చి ఆ పీట మీద కూర్చుంటే మొహం మాడ్చుకుని వాళ్ళు లేచేదాకా పక్కనే నిలబడేదాన్ని. అమ్మ తిట్టేది. నాకు పట్టేది కాదు.

తర్వాత అన్నకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. కుర్చీ నాకు మిగిలింది, పీట మళ్ళీ వంటింట్లోకి పోయింది. నేను వనపర్తిలోనే డిగ్రీ చదువుతున్నాను. అన్న లేని కంప్యూటరు ముందు కూర్చుంటే ఏడుపొచ్చేది. ఆ గది వైపే పోవడం మానేశాను. అందరూ నాకు చదువు మీద శ్రద్ధ పెరిగిందనుకున్నారు.

అప్పుడే మా ఊళ్ళో బ్రాడ్‌బ్యాండ్ ఇస్తున్నారని తెలిసింది. నాన్నను బతిమాలి, అలిగి, రెండు పూటలు అన్నం మానేసి పెట్టించుకున్నాను. చదువుకోసమని చెప్పాను. అసలు సంగతి, నెట్ ఉంటే అన్న హైదరాబాదు నుంచి, నేను ఇక్కడి నుంచి ఒకే జట్టులో ఆడొచ్చు. చెవులకు పెట్టుకునే మైకులో మాట్లాడుకోవచ్చు కూడా. పోయిన చోటు మళ్ళీ దొరికినట్టే.

మా ఇల్లు పొడుగ్గా ఉంటుంది. వీధి వైపు ముందుగది, దాంట్లో ఫోను. చివర వెనకగది, దాంట్లో కంప్యూటరు. రెంటికీ మధ్య నడవ. నల్లా నడవలోనే ఉంది, దాని పక్కన నడుమెత్తు బండల గట్టు. అక్కడ నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి వైరు లాగడానికి నాన్న ససేమిరా అన్నాడు. ఎవరికైనా కరెంటు కొడితే ఎవరిది పూచీ అన్నాడు. అందుకే వైరు లేకుండా పనిచేసే మోడెం తెచ్చారు. అది ఫోను పక్కన చెక్క స్టూలు మీద కూర్చుంది. అమ్మ దానికి మొదటి రోజే బొట్టు పెట్టింది.

సాయంత్రం అన్న ఆఫీసు నుంచి గదికి రాగానే ఆట మొదలు. మొదటి రోజు బ్రహ్మాండంగా సాగింది. రెండో రోజు నా మనిషి నడివీధిలో ఆగిపోయాడు. నేను మీట నొక్కుతూనే ఉన్నాను, వాడు కదలడు. కాసేపటికి తెర ఒక్కసారి గంతేసి కదిలేసరికి వాడు చచ్చి పడి ఉన్నాడు. ఆట పంపిన మాట మన దగ్గరికి, మనం నొక్కింది ఆట దగ్గరికి చేరడానికి పట్టే సమయం తెర మూల అంకెలో కనిపిస్తుంది. ఆ అంకె చిన్నదిగా ఉంటే ఆట నీళ్ళలా సాగుతుంది. నాకది పెరిగి పెరిగి ఎర్రగా అయ్యేది.

అయితే ఆ ఆగిపోవడంలో నాకొక లాభం ఉండేది. నేను ఆగానని తెలియగానే అన్న వెనక్కి వచ్చేవాడు.

"ఏంది చెల్లె, మల్ల ఆగినవా? జర ఉండు, నేను ఈడనే ఉన్న," అనేవాడు.

తెర కదిలేసరికి నా ఎదురుగా అన్న వీపు కనిపించేది. అన్న మనిషి తుపాకి పట్టుకుని నాకు కాపలాగా నిలబడి ఉండేవాడు. అట్లా నిలబడి ఎన్నోసార్లు నా బదులు చచ్చాడు. అది చూసి పొంగిపోయేదాన్ని.

తర్వాత ఆమె వచ్చింది. అన్న ఆఫీసులోనే పనిచేసే అమ్మాయి, అయిజ ఊరివాళ్ళమ్మాయి. మన దిక్కు మనిషేనని అన్న మురిసిపోతూ చెప్పాడు. జట్టులో ఇంకొకరుంటే మంచిదట. నేను సరే అన్నాను, మైకులో మొహం కనిపించదు కాబట్టి. ఆమె నెట్ ఎప్పుడూ ఆగదు. ఆమె అంకె ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. గురి చూస్తే తప్పదు. అన్న ఎడమకు పోతే ఆమె కుడికి పోతుంది, ఒకరికొకరు చెప్పుకునే పని కూడా లేదు. నేను నడివీధిలో బొమ్మలా నిలబడి, వాళ్ళిద్దరూ నవ్వుకుంటూ మేడ మెట్లు ఎక్కడం చెవులతో వినేదాన్ని. ఒళ్ళు మండిపోయేది. అంత మంటను నెట్ మీదకు మళ్ళించాను. నెట్ ఒక్కటి బాగుపడితే ఆమె పనేముంది ఇక్కడ అనుకున్నాను.

ఇక మొదలైంది నా వెతుకులాట. టెలిఫోను వాళ్ళకు చెప్తే మనిషి వచ్చి, స్తంభం నుంచి ఇంటిదాకా తీగ చూసి, చివర కొత్తగా బిగించి పోయాడు. తేడా రాలేదు. నాన్న ఫోను మాట్లాడుతున్నప్పుడే ఆగుతోందని పట్టుబట్టి సాయంత్రాలు ఆయన్ను ఫోను ముట్టనివ్వలేదు. ఆయన పత్తి బేరాలన్నీ పొద్దునకు మార్చుకున్నాడు. అయినా ఆగింది. పక్కింటివాళ్ళు మా సిగ్నలు వాడుకుంటున్నారని అనుమానపడి పాస్‌వర్డు మార్చాను. వాళ్ళింట్లో కంప్యూటరే లేదని తర్వాత తెలిసింది. కంప్యూటరులో ఉన్నవన్నీ తుడిచేసి మళ్ళీ ఎక్కించాను, మోడెం కొమ్మును అటూ ఇటూ తిప్పాను, అది వేడెక్కుతోందని విసనకర్రతో విసిరాను. అమ్మ అది చూసి, కన్న తల్లికి ఎన్నడన్నా విసిరినవా అని అడిగింది.

విచిత్రమేమంటే ఒక రోజు ఆగేది, ఒక రోజు బాగుండేది. బాగున్న రోజున నేను ఏది మార్చి ఉంటే దానివల్లే బాగైందని సంబరపడేదాన్ని. మర్నాడు మళ్ళీ అదే కథ. ఇంత మందికి నెట్ ఉంది, నాదే ఎందుకు ఆగాలి? ఆమెది ఎందుకు ఆగదు? ఒక సాయంత్రమైనా ఆమె నడివీధిలో నిలబడిపోవాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను.

ఇంకొకటి కూడా గమనించాను. ఆమె నన్ను చెల్లె అని పిలవదు. మా వైపు తన కన్నా చిన్న పిల్ల ఎవరు కనిపించినా చెల్లె అనేస్తారు, బస్సులో పక్క సీటు పిల్లనైనా. ఈమె మాత్రం "నువ్వు" అని, "ఇగో" అని, లేదా పిలుపే లేకుండా మాట్లాడేది. ఒకటి రెండు రోజులు పొగరనుకున్నాను. తర్వాత గిన్నెలు తోముతుండగా తట్టింది. నేను చెల్లె అయితే మా అన్న ఆమెకు అన్న అవుతాడు. ఆ వరస కలవకుండా ఆమె నోరు జాగ్రత్త పడుతోంది. చేతిలో చెంబు జారి రాతి మీద పడి సొట్టపోయింది. అన్నకు ఇంకా తెలిసిందో లేదో కానీ నాకు తెలిసిపోయింది.

ఆ సాయంత్రం నేను ఆగిపోయి, ఇక ఆడనని విసుక్కున్నాను. అన్న అన్నం తెచ్చుకోవడానికి లేచాడు. మైకులో మేమిద్దరమే మిగిలాం. ఆమె నెమ్మదిగా అడిగింది:

"రోజూ ఆగుతదా, ఒక్కొక్క రోజేనా?"

"రోజిడిచి రోజు," అన్నాను ముక్తసరిగా.

"మీకు నల్లా ఎట్ల వస్తది?"

నెట్ గురించి మాట్లాడుతూ నల్లా ఏంది అని మనసులో తిట్టుకున్నాను. రోజు విడిచి రోజు, మధ్యాహ్నం వస్తుందని చెప్పాను.

"బిందెలు యాడ పెడ్తరు? గా మోడెముకు, నీకు నడుమనేనా?"

నేను తల తిప్పి నడవలోకి చూశాను. గట్టు మీద, వెనకగది వాకిలికి సరిగ్గా అడ్డంగా, మధ్యాహ్నం పట్టిన నీళ్ళు. అమ్మకు ఖాళీ బిందె కనిపించకూడదు, నీళ్ళు నిండిన బిందె కనిపించాలి. అందుకని నిండిన వాటిని తోమి, తుడిచి, గట్టు పొడుగునా వరుస పెట్టి, వాటి మీద ఇంకో వరుస ఎక్కిస్తుంది. చివర రాగి గంగాళం. అటు ముందుగదిలో స్టూలు మీద మోడెం దీపాలు బిందెల సందులో నుంచి కూడా కనిపించడం లేదు. మర్నాటికి నీళ్ళు వాడుకుంటాం, పై వరుస ఖాళీ అయి కిందికి దిగుతుంది. ఆ మర్నాడే నా ఆట బాగా సాగేది.

"మా అయిజల గూడ గట్లనే పెడ్తరు," అందామె. "ఇనుము, నీళ్ళు దాటి సిగ్నలు రాదు. బిందెలు జర పక్కకు జరిపి చూడు."

ఎవరెవరినో పిలిపించి చూపించాను. ఇంట్లో రోజూ ఆ బిందెల పక్క నుంచే నడిచాను. మా ఇల్లు ఎన్నడూ చూడని మనిషి, హైదరాబాదులో కూర్చుని, మా అమ్మ బిందెలు ఎక్కడ పెడుతుందో చెప్పేసింది. కనీసం ఆ కారణమైనా నాకు దొరికి ఉండకూడదా అని కడుపు మండింది. జరిపి చూస్తానని కూడా అనలేదు, ఆట ఆపేశాను.

కానీ జరిపాను. అమ్మతో పెద్ద గొడవే అయింది. కోడలొచ్చినా ఈ గట్టు మీదే పెడుతుందని అమ్మ, వంటింటి గోడవైపు పెట్టమని నేను. చివరకు నాన్న సాయంత్రాలు ఫోను దొరుకుతుందన్న ఆశతో నా పక్షం వచ్చాడు. బిందెలన్నీ గోడవైపుకు పోయాయి. ఆ సాయంత్రం నల్లా వచ్చిన రోజే, అయినా అంకె పచ్చగా నిలబడింది. నా మనిషి ఒక్కసారి కూడా ఆగలేదు.

నేను అనుకున్నది ఒకటి, జరిగింది ఒకటి. నెట్ ఆగనంత మాత్రాన నా గురి బాగుపడలేదు. నేను ఎప్పుడూ నడిపించడమే నేర్చుకున్నాను, కాల్చడం అన్న పని. ఇన్నాళ్ళూ చచ్చినప్పుడల్లా నెట్ అని చెప్పుకున్నాను, ఇప్పుడు చెప్పుకోవడానికి ఏమీ లేదు. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి. నేను ఆగడం లేదు కాబట్టి అన్న వెనక్కి రావడం లేదు. "ఇగ నీకు ఫికర్ లేదు, నువ్వు అటు పో," అని నన్ను వేరే వీధికి పంపి, వాళ్ళిద్దరూ మేడ ఎక్కేవాళ్ళు. నేను ఒక్కదాన్నే ఆ ఖాళీ వీధిలో తిరిగేదాన్ని. అన్న వీపు మళ్ళీ నాకు కనిపించలేదు.

కొన్ని రోజులు చూశాను. తర్వాత ఒక సాయంత్రం, నల్లా రాని రోజు, అమ్మ గుడికి పోయినప్పుడు వీధిలోని బోరింగుకు బిందె తీసుకుపోయాను. కొట్టి కొట్టి నింపాను. మోసుకొచ్చి గట్టు మీద పెట్టాను. మళ్ళీ పోయాను. వీధిలో వాళ్ళు బిడ్డకు బుద్ధొచ్చిందని మెచ్చుకున్నారు. రెండు వరుసలూ నిండేసరికి భుజాలు పడిపోయాయి. గంగాళాన్ని కూడా చివరికి లాగి, మోడెం దీపాలు కనిపించడం లేదని చూసుకుని, వెనకగదిలోకి పోయి ఆట తెరిచాను.

ఆట మొదలైన కాసేపటికే నడివీధిలో ఆగిపోయాను. ఆగిపోయానని మైకులో చెప్పాను. అన్న ఏమన్నాడో సరిగా వినిపించలేదు. అంకె ఎర్రగా మెరుస్తోంది. వచ్చి నిలబడతాడని నాకు తెలుసు. చేతులు ఒళ్ళో పెట్టుకుని హాయిగా కూర్చున్నాను.

తెర గంతేసి కదిలింది. నా ముందు ఒక మనిషి తుపాకి పట్టుకుని, నాకు వీపు చూపిస్తూ నిలబడి ఉన్నాడు. మనిషి తల మీద పేరు రావడానికి ఒక క్షణం పట్టింది. అది అన్న పేరు కాదు, ఆమెది.

అన్న ఎక్కడో ముందు మేడ మీద ఉన్నాడు. ఇద్దరూ యాడ ఉన్నరని కేకేస్తున్నాడు. అప్పుడు తెర కింద, నాకొక్కదానికే కనిపించేలా, ఇంగ్లీషు అక్షరాల్లో ఆమె తెలుగు మాటలు వచ్చాయి: "ఇయ్యాల మీకు నల్లా రాదు గదా. ఏం గాదు, నేను చెప్పను."

వెంటనే మైకులో అన్నకు జవాబు చెప్పింది: "నా నెట్ గూడ ఆగింది. వస్తున్నం, జర ఆగు."

ఆమె అంకె పచ్చగానే ఉంది. నేను చూస్తూనే ఉన్నాను.

మరుసటేడు ఆమె మా ఇంటికి వదినగా వచ్చింది. అమ్మ చెప్పినట్టే బిందెలు మళ్ళీ గట్టు మీదికి వచ్చాయి, హైదరాబాదు నుంచి వచ్చినప్పుడల్లా వాటిని తోమి వరుస పెట్టేది ఇప్పుడు వదినే. మోడెం మాత్రం వెనకగదికి మారింది, తడి తగలకుండా ఫోను తీగను నడవ పైకప్పు వెంట లాగించింది కూడా ఆమే. నేను బోరింగు నుంచి నీళ్ళు మోసిన సంగతి అన్నకు ఇప్పటికీ తెలియదు. మేమిద్దరం ఎన్ని మాటలు అనుకున్నా, ఎన్నిసార్లు కోపంతో అలిగి పుట్టింటికి వెళ్ళిపోయినా, ఆమె ఆ ఒక్క మాటను బయటికి తీయలేదు. చెప్పి ఉంటే ఒకసారి గట్టిగా పోట్లాడి మరిచిపోయేదాన్ని.